ముట్టుకోకపోతే దోషం లేనట్టేనా?

పుచ్చిన పన్ను పీకనందుకు వైద్యుడికి పాపం చుట్టుకుంటుందా? వినడానికి ఈ ప్రశ్న కాస్త వింతగానే ఉంటుంది. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుని బతుకుతున్న మనిషి పంటి నొప్పితో క్లినిక్ మెట్లెక్కిన రోజున మాత్రం ఇది నిజంగానే ఎదురవుతుంది. ఆయన ముక్కుకు సన్నటి గొట్టం. చిన్న సిలిండర్‌ని భుజాన వేసుకుని కొడుకో కోడలో వెనకాలే వస్తారు. డాక్టరు ఆ గొట్టం వంకా సిలిండర్ వంకా చూసి, “మీకు ఇక్కడ చేయడం రిస్కండీ, పెద్దాసుపత్రికి వెళ్లండి” అంటారు. పెద్దాసుపత్రిలో ముందు ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర కాగితం తెమ్మంటారు. ఆ డాక్టరు పంటి సంగతి తనకు తెలియదంటారు. కాగితం చేతికొచ్చేసరికి దవడ వాచిపోతుంది. ఈ వరసలో ఎవరూ కీడు తలపెట్టలేదు. అందరూ జాగ్రత్తగానే మాట్లాడారు. తిలా పాపం తలా పిడికెడు అనుకుందామన్నా, ఇక్కడ ఎవరి చేతిలోనూ ఏ పనీ కనబడదు.

పని కనబడనప్పుడు దోషం ఎక్కడి నుంచి వస్తుంది? మన శాస్త్రాల్లో ఈ ప్రశ్న మీద వందల ఏళ్ల వాదం నడిచింది. ఆ వాదం ఇప్పటికీ పనికొస్తుంది. అయితే దానిలోకి వెళ్లేముందు డాక్టరు భయాన్ని న్యాయంగా చూడాలి. ఆ భయం ఉత్తది కాదు.

మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. ముక్కు గొట్టం ద్వారా నిమిషానికి 2 లీటర్లు ఇస్తే లోపలికి వెళ్లే గాలిలో అది సుమారు 28 శాతం అవుతుంది. లీటరు పెంచినకొద్దీ మరో నాలుగు శాతం చొప్పున కలుస్తుందని వైద్యులు మోటుగా లెక్క వేసుకుంటారు. ఆక్సిజన్ తనకు తానుగా మండదు. పక్కనున్నదాన్ని తేలిగ్గా అంటుకునేలా, వేగంగా మండేలా చేస్తుంది. 1967 జనవరి 27న అమెరికాలో అపోలో 1 వ్యోమనౌకను నేల మీదే పరీక్షిస్తున్నారు. కేబిన్ నిండా శుద్ధ ఆక్సిజన్. ఎక్కడో పుట్టిన నిప్పురవ్వ క్షణాల్లో లోపలంతా పాకింది. గ్రిసమ్, వైట్, చాఫీ అనే ముగ్గురు వ్యోమగాములు తలుపు తెరుచుకునేలోపే చనిపోయారు.

పంటి కుర్చీలో అంత ఆక్సిజన్ ఉండదు. కానీ నిప్పుకు కావలసిన సరంజామా అంతా అక్కడ జానెడు జాగాలో చేరుతుంది. లోహపు క్యాప్‌ను కోసేటప్పుడు బర్ అనే డ్రిల్లు మొన నుంచి రవ్వలు రాలతాయి. చిగురును కాల్చి కోసే కాటరీ ఉంది, లేజర్ ఉంది. మన ఊళ్ల క్లినిక్‌లలో మైనం వేడి చేయడానికి స్పిరిట్ దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. అంటుకోవడానికి దూది ఉండలు, గాజుగుడ్డ, రబ్బరు తెర, పెదవులు ఎండకుండా పూసిన వాజిలిన్, రోగి మీసం అన్నీ దగ్గర్లోనే ఉంటాయి. ముక్కు గొట్టం నుంచి కారే ఆక్సిజన్ నోటి చుట్టూ, దుప్పటి మడతల్లో, జుట్టులో నిలుస్తుంది. గొట్టం తీసిన వెంటనే అది పోదు. పంటి చికిత్స మధ్యలో నిప్పు రేగి రోగి నోరు కాలిన సంఘటనలు అమెరికా దంతవైద్య పత్రికలకు ఎక్కాయి. అరుదైనవే. అయినా నోట్లో లేచిన మంట ఎలాంటిదో ఆ వైద్యులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

నిప్పుకీ ఊపిరికీ ఉన్న ఈ చుట్టరికాన్ని మొదట్లోనే గమనించినవాడు ఒక మతబోధకుడు. ఇంగ్లండులో అధికార చర్చితో విభేదించిన శాఖకు చెందిన జోసెఫ్ ప్రీస్ట్లీ 1774 ఆగస్టు 1న పెద్ద భూతద్దంతో ఎండను ఎర్రటి పాదరస భస్మం మీదికి మళ్లించి, అందులోంచి వచ్చిన వాయువును పట్టాడు. దానిలో కొవ్వొత్తి పెడితే మంట భగ్గున లేచింది. తర్వాతి ఏడాది ఒక ఎలుకను అందులో ఉంచితే, అంతే పరిమాణం గల మామూలు గాలిలో బతికేదానికన్నా చాలా ఎక్కువసేపు బతికింది. ఆయన తానూ పీల్చి చూసి, ఛాతీ తేలికైనట్టు అనిపించిందని రాశాడు. జబ్బుపడ్డ ఊపిరితిత్తులకు ఇది మందుగా పనికిరావచ్చని ఊహించాడు. ఆ ఊహ పక్కనే ఒక సందేహమూ పెట్టాడు. ఈ గాలిలో కొవ్వొత్తి తొందరగా కరిగిపోయినట్టు మనిషి ప్రాణం కూడా తొందరగా ఖర్చయిపోదు కదా అని. ప్రకృతి ఇచ్చిన గాలే మనకు తగినంత మంచిదని నీతివాదులు అనవచ్చునని కూడా అన్నాడు. బతికించే వస్తువూ కాల్చే వస్తువూ ఒకటే అయినప్పుడు దాన్ని ఎలా చేతబట్టాలన్న ప్రశ్న ఆక్సిజన్‌తో పాటే పుట్టింది.

ప్రీస్ట్లీ ఊహ నిజమని తేలడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. 1981లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఒక చిన్న పరీక్ష ఫలితాలు ప్రచురించింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని, రక్తంలో ఆక్సిజన్ తగ్గిపోయిన 87 మందిని రెండు జట్లు చేశారు. రోజుకు కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ తీసుకున్న 42 మందిలో ఐదేళ్లకు 19 మంది మరణించారు. తీసుకోని 45 మందిలో 30 మంది మరణించారు. ఇప్పటికీ డాక్టర్లు చీటీ మీద 15 గంటలు అని రాయడం వెనక ఉన్నది ఈ లెక్కే. కాబట్టి “ఆ గొట్టం తీసేసి రండి, అప్పుడు చూస్తాను” అనడం కూడా తేలికైన మాట కాదు.

తెలుగు ఇళ్లకు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ యంత్రాలు పెద్దసంఖ్యలో వచ్చింది 2021 వేసవిలో. ఆ మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి కనీసం 11 మంది కోవిడ్ రోగులు చనిపోయారు. ఆ రోజుల్లో కాన్సంట్రేటర్ కోసం జనం అప్పులు చేశారు. చాలా యంత్రాలు తర్వాత మూలన పడ్డాయి. కొన్ని మాత్రం ఆగలేదు. కోవిడ్ తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడిపోయినవారూ, చుట్టా బీడీ అలవాటుతో సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చుకున్నవారూ, జీవితమంతా కట్టెల పొయ్యి ముందు పొగ మింగి ఆ జబ్బే పొందిన ఆడవాళ్లూ వాటితోనే కాలం వెళ్లదీస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో సీఓపీడీతో దాదాపు 35 లక్షల మంది మరణించారు. వీళ్లందరికీ పళ్లున్నాయి. ఆ పళ్లు పుచ్చడానికి మామూలు మనుషులకన్నా ఎక్కువ కారణాలున్నాయి. ఆయాసంతో నోటితో గాలి పీల్చడం వల్ల నోరు ఎండుతుంది. పీల్చే మందుల్లో కొన్ని లాలాజలాన్ని తగ్గిస్తాయి. స్టెరాయిడ్ పఫ్ తీసుకున్నాక పుక్కిలించకపోతే నాలుక మీద తెల్లటి పూత కడుతుంది. లాలాజలం తగ్గిన నోట్లో పుప్పి ఆగదు.

ఈ నేపథ్యంలో తత్త్వవేత్తల మాట వినాలి.

నిత్యకర్మలు మానేస్తే ప్రత్యవాయం, అంటే దోషం, వస్తుందని కర్మవాదులు అంటారు. సంధ్యవార్చనివాడు కొత్తగా ఏ చెడ్డపనీ చేయలేదు. చేయవలసింది చేయలేదు, అంతే. అయినా పాపమే అంటారు. శంకరాచార్యులు తైత్తిరీయ భాష్యంలోనూ గీతాభాష్యంలోనూ ఈ మాటను నిలదీశారు. చేయకపోవడం అంటే అభావం. లేనిదాని నుంచి ఉన్నది ఎలా పుడుతుంది? పాపం ఉన్న వస్తువు, దుఃఖాన్ని ఇచ్చే వస్తువు. దానికి కారణం కూడా ఉన్నదే కావాలి. కర్మ మానేయడం పాపాన్ని పుట్టించదు, ముందే పోగుపడిన దురితం అలా బయటపడుతోందని గుర్తు మాత్రమే అవుతుంది అని ఆయన సమాధానం.

రోగిని ముట్టుకోని డాక్టరు ఈ వాదాన్ని తనకు అండగా తెచ్చుకోవచ్చు. నేనేమీ చేయలేదు కాబట్టి నా వల్ల ఏమీ పుట్టలేదని చేతులు దులుపుకోవచ్చు. కానీ శంకరుల తర్కాన్ని ఆ నోటి దాకా తీసుకెళ్లి చూస్తే అది డాక్టరుకు సాయం చేయదు. ఉన్నదాని నుంచే ఉన్నది పుడుతుందన్నారు కదా. ఆ దవడలో ఉన్నది ఏమిటి? చచ్చిన పన్ను ఉంది, దాని వేరు కొన దగ్గర చీము ఉంది, చీములో పెరుగుతున్న సూక్ష్మజీవులున్నాయి. కింది దవడ వెనక పళ్ల నుంచి ఆ చీము నాలుక కిందికీ మెడలోకీ దిగితే, 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన వాపు వస్తుంది. నాలుక పైకి లేచి శ్వాసమార్గం మూసుకుపోతుంది. అసలే ఊపిరి అరకొరగా ఉన్న మనిషికి పన్నే ఊపిరిని తీసేయగలదు. ఆ ఫలితం శూన్యం నుంచి రాలేదు. అక్కడున్న రోగం నుంచి వచ్చింది. వైద్యుడు ముట్టుకోకపోవడం ఆ రోగానికి దారి వదిలింది.

దారి వదలడాన్ని ఎలా లెక్కకట్టాలో న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు ఇంకా సూక్ష్మంగా చూశారు. వాళ్ల ఉదాహరణ నిప్పే కావడం ఇక్కడ బాగా కలిసొచ్చింది. ఒక మణిని దగ్గర ఉంచితే నిప్పు కాల్చదని, మణి తీసేస్తే కాలుస్తుందని పాత నమ్మకం. మీమాంసకులు దీన్ని చూపి, నిప్పులో కంటికి కనబడని శక్తి ఒకటుందని, మణి దాన్ని పోగొడుతుందని అన్నారు. నైయాయికులు ఒప్పుకోలేదు. కొత్తగా శక్తిని ఊహించనక్కర్లేదన్నారు. నిప్పు, కట్టె, గాలి ఎలా కారణాలో, అడ్డుపడే మణి లేకపోవడం కూడా అలాగే ఒక కారణమే అన్నారు. దీనికి ప్రతిబంధకాభావం అని పేరు. వాళ్ల శాస్త్రంలో లేకపోవడం అంటే వట్టి మాట కాదు. ఆంధ్రుడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో లోకంలోని పదార్థాలను ఏడుగా లెక్కపెట్టి, అభావాన్ని ఏడో పదార్థంగా నిలబెట్టాడు. సంస్కృత పాఠశాలల్లో పిల్లలు ఇప్పటికీ తర్కాన్ని ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు.

మణిని నమ్మనక్కర్లేదు. లెక్క మాత్రం గట్టిది. ఆక్సిజన్ ఉన్న నోట్లో మంట రావాలంటే రవ్వ, దూది, ఆక్సిజన్ ఉంటే చాలదు, అడ్డుపడే తడి కూడా లేకుండా పోవాలి. తడిపిన గాజుగుడ్డ పెట్టిన అసిస్టెంటు అక్కడ మణిని ఉంచినట్టే. అదే లెక్క రెండో వైపూ వర్తిస్తుంది. చీము మెడలోకి దిగాలంటే సూక్ష్మజీవులు, చచ్చిన పన్ను ఉంటే చాలదు, అడ్డుపడే వైద్యం లేకపోవాలి. రెండు ప్రమాదాలకూ అడ్డం నిలబడగల మనిషి ఒకడే, పళ్ల డాక్టరు. మంట తన చేతి మీదుగా వస్తుంది కాబట్టి దాన్ని చూసి భయపడతాడు. వాపు తన కళ్ల ముందు రాదు కాబట్టి దాని లెక్క తన ఖాతాలో రాసుకోడు. న్యాయదర్శనం ప్రకారం రెంటిలోనూ అతను కారణసామగ్రిలో భాగమే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. లేకపోవడం కూడా కారణమే అయితే, వైద్యం చేయని ప్రతివాడూ దోషే కావాలి. దారిన పోయేవాడూ పన్ను పీకలేదు. పక్కింటాయనా పీకలేదు. ఇలా పరుచుకుంటూ పోతే దోషానికి గట్టు ఉండదు. దీనికి జవాబు ఆ మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదాంట్లో ఉంది. మణి ఉండవలసిన చోట లేకపోతేనే దాని లేమిని గురించి మాట్లాడతాం. ఎక్కడో సముద్రంలో లేని మణి ఈ పొయ్యికి కారణం కాదు. చదువు, కుర్చీ, పనిముట్లు ఉండి, బోర్డు కట్టి, రోగి తన గుమ్మం దాకా వచ్చినప్పుడు ఆ వైద్యుడి చేయకపోవడం దారిన పోయేవాడి చేయకపోవడంతో సమానం కాదు. తెలిసినవాడి మౌనానికి బరువుంటుందని లోకంలో ఎవరిని అడిగినా చెబుతారు.

వైద్యం నిరాకరించడాన్ని మన ఆయుర్వేదం ఒప్పుకుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. ఒప్పుకుంది. అసాధ్య రోగాన్ని నెత్తికెత్తుకున్న వైద్యుడు ధనమూ విద్యా యశస్సూ పోగొట్టుకుంటాడని చరక సంహిత సూత్రస్థానంలో హెచ్చరిక ఉంది. వైద్యుడికి ఉండవలసిన నాలుగు బుద్ధుల్లో చావుకు చేరువైనవారి పట్ల ఉపేక్ష ఒకటి. ఆ మాటలు కఠినంగా కనిపిస్తాయి గానీ, వాటిలో ఒక నిజాయతీ ఉంది: చేయలేనిదాన్ని చేస్తానని ఆశపెట్టి డబ్బు గుంజకూడదు. కానీ ఉపేక్షకు చరకుడు పెట్టిన షరతు అసాధ్యత. ఆక్సిజన్ మీదున్న మనిషిలో నయం కానిది ఊపిరితిత్తి. పన్ను నయమవుతుంది. క్లినిక్ గుమ్మంలో జరిగే పొరపాటు ఇదే. ఊపిరితిత్తికి చెందిన అసాధ్యతను పంటికి అంటగట్టి, మొత్తం మనిషినే సాధ్యం కాని రోగుల జాబితాలో వేస్తారు. చరకుడు చెప్పిన కారుణ్యం ఆర్తులందరికీ వర్తించేది, సాధ్యమైన రోగం ఉన్నవాణ్ణి ప్రీతితో చేపట్టమని కూడా ఆ నాలుగు బుద్ధుల శ్లోకమే చెప్పింది.

ప్రమాదం పేరుతో పంటి వైద్యం నిరాకరించిన సందర్భం ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1994 సెప్టెంబరు 16న మెయిన్ రాష్ట్రంలోని బాంగోర్‌లో సిడ్నీ అబాట్ అనే మహిళ రాండన్ బ్రాగ్డన్ అనే దంతవైద్యుడి దగ్గరికి వెళ్లింది. తనకు హెచ్ఐవీ ఉందని దరఖాస్తులో రాసింది. పుప్పిపన్ను ఉందని చూసి, తన క్లినిక్‌లో ఫిల్లింగ్ చేయనని, ఆసుపత్రిలో అయితే చేస్తానని ఆయన అన్నాడు. తన ఫీజు పెంచనన్నాడు గానీ ఆసుపత్రి ఖర్చు ఆమే పెట్టుకోవాలి. వికలాంగుల హక్కుల కోసం 1990లో వచ్చిన చట్టం కింద ఆమె దావా వేసింది. 1998 జూన్‌లో కోర్టు 5–4 తేడాతో ఆ చట్టం ఆమెకు వర్తిస్తుందని తేల్చింది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ప్రమాదం ఉందని డాక్టరు మనస్ఫూర్తిగా నమ్మితే చాలదు, ఆ నమ్మకం వైద్యపరమైన రుజువుల మీద నిలబడాలి అని కోర్టు అంది. కేసు తిరిగి కింది కోర్టుకు వెళ్లాక తీర్పు మళ్లీ ఆమెకే అనుకూలంగా వచ్చింది.

హెచ్ఐవీకీ ఆక్సిజన్‌కీ పోలిక పూర్తిగా కుదరదు. అక్కడ డాక్టరు తన ప్రమాదం గురించి భయపడ్డాడు. ఇక్కడ మంట లేస్తే మొదట కాలేది రోగి మొహం. అందుకే ఇక్కడి నిరాకరణ ఇంకా పట్టుబడనిది. “మీ మంచికే చెబుతున్నా” అన్న మాట దాని ముందుంటుంది. మంచికే అయితే ఆ మంచిని తూచే హక్కు రోగికీ ఉంది. నొప్పి ఆయనది. రాత్రుళ్లు నిద్ర లేనిది ఆయనకే. ప్రమాదం ఎంత, ఏ జాగ్రత్తతో ఎంత తగ్గుతుంది, చేయకపోతే ఏమవుతుంది అని మూడూ చెప్పి అడిగితే ఆయన జవాబు చెప్పగలడు. మంట గదిలో మిగతావారికీ ముప్పు కాబట్టి ఆయన ఒక్కడి ఒప్పుదల సరిపోదన్నది నిజం. అప్పుడు చేయవలసింది రవ్వ పుట్టే పనిని మానడం. వైద్యాన్ని మానడం కాదు. మన దేశంలో అత్యవసర స్థితిలో ఏ వైద్యుడూ చికిత్స నిరాకరించకూడదని 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పంటి నొప్పిని అత్యవసరంగా ఎవరూ లెక్కపెట్టరు. మెడ వాచాక లెక్కపెడతారు.

“ముందు ఊపిరి సంగతి చూసుకోండి, పన్ను తర్వాత” అనే మాటకు మతం నుంచి కూడా బలం దొరుకుతుందని అనిపిస్తుంది. ఛాందోగ్యోపనిషత్తులో ఇంద్రియాల పోటీ కథ అందరికీ తెలిసిందే. వాక్కు ఏడాది పాటు వెళ్లిపోయింది, మనిషి మూగవాడిలా బతికాడు. చూపు వెళ్లింది, వినికిడి వెళ్లింది, మనస్సు వెళ్లింది, అయినా బతికాడు. ప్రాణం కదలబోయేసరికి మిగతావన్నీ కూకటివేళ్లతో పెకలివచ్చాయి. ప్రాణమే శ్రేష్ఠమని అన్నీ ఒప్పుకున్నాయి. చాలామంది కథను ఇక్కడ ఆపేస్తారు. ఉపనిషత్తు ఆపలేదు. గెలిచిన ప్రాణం వెంటనే అడిగిన ప్రశ్న, నాకు అన్నం ఏది అని. శ్రేష్ఠమైనది కూడా నోటి దారినే పోషణ పొందాలి. తెలుగు నేల మీద ఇప్పటికీ కొందరు విస్తరి ముందు ఔపోశన పట్టి, అయిదు ప్రాణాల పేర అయిదు మెతుకులు పంటికి తగలకుండా మింగుతారు. నోరు ఒక హోమకుండమన్న భావన ఆ ఆచారం వెనక ఉంది. ఆ అయిదు మెతుకుల తర్వాత మిగిలిన భోజనమంతా పళ్లే నమలాలి.

సీఓపీడీ రోగులకు ఇది వేదాంతం కాదు, బరువు తూచే యంత్రం మీద కనబడే విషయం. ఊపిరి పీల్చడానికే వాళ్ల ఒంట్లో చాలా శక్తి ఖర్చయిపోతుంది. నమలలేక గంజీ, మెత్తటి అన్నంతో సరిపెట్టుకుంటే కండ కరుగుతుంది. బరువు తగ్గిన సీఓపీడీ రోగుల్లో మరణాలు ఎక్కువని వైద్యులకు బాగా తెలుసు. ఇక నోటి పాచిలోని సూక్ష్మజీవులు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. జపాన్‌లో 11 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో 417 మందితో యోనెయామా బృందం రెండేళ్లు పరిశీలన జరిపి 1999లో ఫలితాలు ప్రకటించింది. క్రమంగా నోరు శుభ్రం చేయించినవారిలో 11 శాతం మందికి న్యుమోనియా వచ్చింది. చేయించనివారిలో అది 19 శాతం. అక్కడ వాడింది బ్రష్షు, అయోడిన్ ద్రవం, డెంటిస్టు వారానికోసారి చేసిన శుభ్రత. పన్ను తర్వాత అనేవాళ్లు ఊపిరినే వాయిదా వేస్తున్నారు.

నిప్పుతో సర్దుకుపోవడం మన ఇళ్లకు చేతగాని పని కాదు. ఆక్సిజన్ యంత్రం వచ్చిన ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టడం ఎలా అన్న ప్రశ్న మొదటిరోజే వస్తుంది. యంత్రం ఇచ్చినవాళ్లు మంటకు దూరంగా ఉంచమంటారు. దీపారాధన వేరే గదిలోకి మారుతుంది. అగరొత్తులు మానేస్తారు. కర్పూర హారతి కళ్లకద్దుకోవడానికి పళ్లెం రోగి దగ్గరికి తేరు. హారతి అయ్యాక ప్రసాదం తెస్తారు. మానసిక పూజకు మన సంప్రదాయంలో ఎప్పుడూ చోటు ఉంది కాబట్టి ఆయన కుర్చీలో కూర్చునే దండం పెట్టుకుంటాడు. ఏ ఇంట్లోనూ రోగిని బయటికి పంపలేదు, దేవుణ్ణీ పంపలేదు. క్లినిక్‌లు ఈ ఇళ్ల నుంచి నేర్చుకోవలసింది ఉంది.

నేర్చుకుంటే చేయవలసిన పనులు పెద్దవేమీ కావు. అపాయింట్‌మెంటు ఇచ్చేటప్పుడే ఆక్సిజన్ ఎన్ని లీటర్ల మీద ఉందో ఫోన్‌లో అడగాలి. ఉదయం లేవగానే కఫం ఎక్కువగా ఉంటుంది కాబట్టి పొద్దెక్కాక రమ్మనడం మంచిది. మొదటి అంతస్తులో లిఫ్టు లేని క్లినిక్ అయితే ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఇరవై మెట్లు ఎక్కేసరికే ఆయన ఆక్సిజన్ పడిపోతుంది. కాన్సంట్రేటర్‌తో వస్తే ప్లగ్ పాయింట్ కావాలి, కరెంటు పోతే ఆదుకోవడానికి సిలిండర్ కావాలి. కుర్చీని పూర్తిగా వెనక్కి వాల్చితే ఆయాసం వస్తుంది, సగం కూర్చున్నట్టు ఉంచాలి. వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి కనబడేలా ఉంచాలి. అంకె తగ్గింది కదా అని ఆక్సిజన్‌ను ఇష్టం వచ్చినట్టు పెంచకూడదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకునే సీఓపీడీ రోగులకు 88 నుంచి 92 మధ్య ఉంచమని బ్రిటిష్ థొరాసిక్ సొసైటీ మార్గదర్శకాలు చెబుతాయి. నిద్రమత్తు మాత్రలు, నైట్రస్ ఆక్సైడ్ ఈ రోగులకు దూరంగా ఉంచడం మేలు. స్థానికంగా ఇచ్చే మత్తు సూది సాధారణంగా సరిపోతుంది.

మంట విషయానికొస్తే, స్పిరిట్ దీపం ఆర్పి గది బయట పెట్టాలి. వాజిలిన్ బదులు నీటి ఆధారంతో చేసిన జెల్ వాడాలి. గాజుగుడ్డ, దూది తడిపి పెట్టాలి. బర్ వాడవలసి వస్తే నీటిధార బాగా పడాలి, నోట్లో పోగయ్యే వాయువును లాగేయడానికి సక్షన్ ఆగకూడదు. కాటరీ, లేజర్ లేకుండా చాలా పనులు అవుతాయి. అసలు పన్ను పీకడానికి కావలసింది శ్రావణం, చేతి బలం. అందులో రవ్వ పుట్టే అవకాశం లేదు. ఎక్కువ భయపెట్టే చికిత్స పన్ను పీకడమే అనుకుంటారు గానీ, నిప్పు లెక్కలో మామూలుగా పన్ను పీకడం పాత లోహపు క్యాప్ కోయడం కన్నా సురక్షితం. ఈ తేడా చెప్పగలిగితే నిరాకరించవలసిన పనేదో, చేయదగిన పనేదో విడిపోతుంది.

ఊపిరితిత్తుల డాక్టరు ఇచ్చే కాగితం కూడా మారాలి. “దంత చికిత్సకు అభ్యంతరం లేదు” అన్న ఒక్క ముక్క ఎవరికీ పనికిరాదు. ఆక్సిజన్ ఎన్ని లీటర్లు, ఆక్సీమీటర్ అంకె ఎంత దాకా పడితే ఆగాలి, తప్పనిసరైతే గొట్టాన్ని ఎన్ని నిమిషాలు తీయవచ్చు, ఏ మందులు వాడుతున్నారు అన్నవి రాసి, కింద ఫోన్ నంబరు ఇవ్వాలి. పంటి డాక్టరుకు నిజంగా చేయలేని పని ఎదురైతే, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోనో విజయవాడలోనో ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి ముందు తానే ఫోన్ చేసి, ఏ విభాగంలో ఏ రోజు ఎవరిని కలవాలో చీటీ మీద రాసి పంపాలి. అక్కడికి వెళ్లేదాకా నొప్పికి మందు, చీము ఉంటే యాంటీబయాటిక్, వాపు పెరిగినా మింగడం కష్టమైనా తేదీ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లమన్న మాట ఆ చీటీ మీదే ఉండాలి.